మంచు తుఫాను దగ్గర ఆగిపోయే కంప్యూటరు

2007 వేసవి. రాజమండ్రిలో నా కంప్యూటర్ రిపేరు కొట్టు మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల ఉండేది. అంతకు ముందు కలప డిపోలో దుంగల కొలతలు లెక్కకట్టేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. కంప్యూటరు పని పాత పుస్తకాల షాపులో కొన్న పుస్తకాల వల్లా, పాడైన పెట్టెలు విప్పి మళ్ళీ బిగించడం వల్లా వచ్చింది. డిపోలో పట్టుబడిన అలవాటు ఒకటి మాత్రం కొట్టుకి కూడా తెచ్చుకున్నాను. టేపు పెట్టకుండా దుంగ ఇంత అని చెప్పేవాణ్ణి కాదు. మీటరు పెట్టకుండా జబ్బు ఇది అని ఇప్పటికీ చెప్పను.

ఆ రోజుల్లో మా వ్యాపారంలో అన్ని రోగాలకీ ఒకటే మందు, ఫార్మాట్. అంటే కంప్యూటరు లోపలి హార్డ్ డిస్క్‌ని పలక తుడిచినట్టు తుడిచేసి, సాఫ్ట్‌వేర్ అంతా మొదటి నుంచి ఎక్కించడం. కారణం వెతకక్కర్లేదు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. జనానికీ అదే అలవాటైపోయింది. ఆరెంపీ డాక్టరు దగ్గర సూది అడిగినట్టు, పెట్టె బల్ల మీద పెడుతూనే "ఓసారి ఫార్మాట్ కొట్టెయ్యండి" అనేవారు. అందుకే దానికి ఎదురు మాట విన్న రోజు తలెత్తి చూశాను.

ఆయన పేరు సత్యనారాయణ గారు. కొవ్వూరు అవతల ఒక పల్లెలో అరటి రైతు. సీపీయూ పెట్టెని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చారు.

"ఏమైనా చెయ్యండి గానీ ఫార్మాట్ మాత్రం వద్దండి. చేస్తే ఇంటికి రావద్దంది మా ఆవిడ."

"మిమ్మల్నాండీ, పెట్టెనాండీ?"

"ఇద్దర్నీనండి" అన్నారు నవ్వకుండా.

కూర్చోబెట్టి టీ తెప్పించాక సంగతంతా చెప్పారు. ఆయన భార్య మాణిక్యం గారికి అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు. వ్యాయామం చేయించే ఆయన రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. ఆవిడ కొన్నాళ్ళు నొక్కి, "ఇదేం పనండీ, నిమ్మకాయైతే రసమైనా వచ్చేది" అని మూలకి విసిరేసింది. సెలవులకి వచ్చిన ఆడపడుచు కొడుకు కంప్యూటర్లో ఒక ఆట ఎక్కించి వెళ్ళాడు. ఆవిడ పక్కన కూర్చుని చూసి చూసి, ఒకనాడు మౌసు తన చేతికిమ్మంది.

ఆట ఇదీ. ఎక్కడో ఆకాశంలో మంచు కప్పిన గ్రహం. సముద్రాలు కూడా గడ్డకట్టి ఉంటాయి. అంతరిక్ష నౌక కూలిపోయి ఒంటరిగా మిగిలిన సైనికురాలు కొండ మీది దీపస్తంభం దాకా నడిచి వెళ్ళాలి. మంచు కింద నుంచి జంతువులు పైకి లేస్తాయి, వాటిని కాల్చాలి. ఒకచోట నిలబడిపోతే ఒంటి మీది వెచ్చటి సూటు చల్లారి ప్రాణం పోతుంది. ఎడమచేత్తో మీటలు నొక్కితే నడక. కుడిచేత్తో మౌసు తిప్పి, చూపుడువేలితో నొక్కితే తూటా. మొదట్లో ఆవిడ వేలు కదిలేలోపు జంతువు వచ్చి తినేసి వెళ్ళిపోయేదట. రబ్బరు బంతికి రాని పట్టుదల దాని మీద వచ్చింది.

"పోయినసారి ఆగిపోతే ఒకాయన అడక్కుండా ఫార్మాట్ కొట్టేసేడండి. అక్కడిదాకా ఎక్కిన కొండంతా పోయింది. ఏడుస్తాదేమో అనుకున్నా. తిట్టింది. తిట్టి, మళ్ళీ కింద నుంచి ఎక్కింది."

ఇప్పుడు ఆఖరి కొండ దాకా వచ్చింది. అక్కడ మంచు తుఫాను మొదలవుతుంది. సరిగ్గా అక్కడే పెట్టె ఠక్కున ఆగిపోతుంది, ఆ నెల మొదలు రోజూ ఇంతే. పెట్టె వేడెక్కుతోందనీ, ఆగిపోయిన రోజు మళ్ళీ వెయ్యకుండా చల్లారనివ్వమనీ వెనకటి రిపేరాయన చెప్పాడట. అందుకని ఆగిన వెంటనే ప్లగ్గు పీకేసి, మర్నాటిదాకా ముట్టుకునేవారు కాదు.

"ఇదే ఆఖరి రిపేరండి" అన్నారు సత్యనారాయణ గారు. "మా అన్నయ్య గారు తేల్చి చెప్పేసేరు. ఈసారీ బాగవకపోతే పెట్టెని హాస్టల్లో ఇంజనీరింగ్ చదివే వాళ్ళబ్బాయికి పంపించెయ్యమన్నారు. మా ఆవిడకి మళ్ళీ రబ్బరు బంతే."

తుఫాను దగ్గర ఆగడానికి ఒక కారణం నాకు వెంటనే తోచింది. తెర మీద మంచు రేకలు వేలల్లో ఎగురుతుంటే గ్రాఫిక్స్ కార్డ్, అంటే బొమ్మలు గీసే భాగం, మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడీ పెరుగుతుంది. ఆట మంచు గ్రహంలో, మెషీను గోదావరి ఎండలో. ఫ్యాను దుమ్ము దులిపాను. చిప్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తీసి కొత్తది రాశాను. లోపల కరెంటు పంచే ఎస్ఎంపీఎస్‌ని మీటరు పెట్టి కొలిచాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. తుఫానులోకి నేనే దిగాను. పెట్టె ఆగలేదు. నేనే చచ్చిపోతూ ఉన్నాను. పక్క టీకొట్టాయన గ్లాసులు పట్టుకెళ్ళడానికి వచ్చి, "మీరు రిపేరు చేస్తన్నారాండీ, చస్తన్నారాండీ?" అన్నాడు.

సాయంత్రం దాకా ఆగలేదు గనక బాగయిందనే లెక్క. దుప్పట్లో చుట్టి ఇచ్చేశాను.

మర్నాడే ఫోన్. ఆడ గొంతు. మాట కొంచెం జారుతోంది, కానీ తడబాటు లేదు.

"తమ్ముడూ, నేను అరటితోట మాణిక్యాన్ని. నీ దగ్గర ఆగిందా పెట్టె?"

"లేదండి."

"ఇక్కడ ఆగింది. అదే తుఫాను దగ్గర. దానికి నా మీదేమన్నా కోపమా?"

"మళ్ళీ పంపించండమ్మా, చూస్తాను."

"పెట్టె ఓసారి వచ్చింది కదా, ఏం తేలింది? ఈసారి నువ్వే రా. రోగిని మోసుకెళ్ళి ఆస్పత్రిలో పడేస్తే, ఇంటికాడ ఏం తింటన్నాడో డాక్టరుకేం తెలుస్తాది?"

ఆ మర్నాడు పొద్దున్నే బ్యాగులో కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టుకుని కొవ్వూరు బస్సెక్కాను.

వెళ్ళేసరికి వరండాలో కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నారు. సత్యనారాయణ గారి అన్నయ్య వెంకట్రావు గారు. ఆయన వస్తే మాణిక్యం గారు తలుపు చాటుకి వెళ్ళిపోవడం ఆ ఇంటి పద్ధతట. ఆ రోజు ఆవిడ హాల్లో ఆయనకి వీపు పెట్టి, మౌసు మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

వెంకట్రావు గారు నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు. "ఇదిగో అబ్బాయ్, ఆ ఆట తీసేసి, బాగైపోయిందని చెప్పెయ్. ఈ వయసులో ఆడమనిషికి తుపాకులేంటి, దెయ్యాల్ని కాల్చడమేంటి? ఊరంతా నవ్వుతున్నారు."

"ఆట తీసేస్తే పెట్టె ఆగదేమోనండి. కానీ అది బాగవడం కాదండి."

"మరేంటి?"

నేను నోరు తెరిచేలోపు లోపల నుంచి జవాబు వచ్చింది. "కాలు తీసేస్తే కాలినొప్పి కూడా పోద్ది బావగారూ! నాకప్పుడే చెప్పాల్సింది, చెయ్యి కూడా తీయించేసుకుందును."

వెంకట్రావు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. సత్యనారాయణ గారు నా వైపు చూసి, "ఆయ్, ఇలాగేనండి రోజూ" అన్నారు మెల్లిగా.

నేను ఆలోచించాను. తుఫాను నా కొట్లోనూ ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ ఆగలేదు, ఇక్కడ ఆగింది. కాబట్టి తేడా తుఫానులో లేదు. "అమ్మా, ఇవాళ తుఫానులోకి వెళ్ళకండి. అసలు తుఫానే లేని పాత మెట్టు ఏదైనా ఆడండి" అన్నాను. ఆవిడకి అర్థమైంది. గడ్డకట్టిన నీలం చెరువు దగ్గరికి వెళ్ళింది. నేను గోడ ప్లగ్గు దగ్గర నేల మీద కూర్చుని, మీటరు పుల్లలు పెట్టి వోల్టేజీ అంకె చూస్తున్నాను. రెండువందల ఇరవై దాటి నిలకడగా ఉంది.

ఆవిడ ఆడుతూనే మాట్లాడేది. "ఇక్కడ నిలబడితే చచ్చిపోతాం తమ్ముడూ. ఊరికే అయినా నడుస్తానే ఉండాలి. మా డాక్టరు చెప్పిందీ ఇదే, ఇంగ్లీషులో చెప్పేడంతే." ఆ కుడిచెయ్యి మౌసుని జరిపేటప్పుడు మణికట్టు వణికేది. చూపుడువేలు మాత్రం వణకలేదు.

ఉన్నట్టుండి నా మీటరు మీద అంకె నూట నలభైకి పడింది. పెట్టె ఠక్కున ఆగింది. తెర నల్లబడింది.

"చూసేవా!" అని ఆవిడ కుర్చీలో సగం లేచింది. "ఇక్కడ తుఫాను లేదు! చూసేరా బావగారూ, ఇక్కడ తుఫాను లేదు!" కోర్టులో కేసు కొట్టేసినంత సంబరం.

అదే క్షణంలో పెరటి అవతల నుంచి హోరు మొదలైంది. తోటల్లో బోరు మోటార్లు. గొట్టాల్లోంచి నీళ్ళు దబదబా తొట్లలో పడుతున్నాయి.

"అదేంటండీ?" అన్నాను.

"త్రీఫేజొచ్చిందండి" అన్నారు సత్యనారాయణ గారు, ఎండ వచ్చిందని చెప్పినంత మామూలుగా. "ఇదివరకు పొద్దున్న ఇచ్చేవోరు. ఈ నెల నుంచి మధ్యాహ్నం ఇస్తన్నారు."

మిగతా లెక్క నేల మీద కూర్చునే కట్టేశాను. మోటార్లకి కావలసిన త్రీఫేజ్ కరెంటు ఊళ్ళకి రోజంతా ఉండదు. ఇచ్చే వేళకి రైతు ప్రతిసారీ తోటకి పరిగెత్తలేడు. అందుకని ప్రతి బోరుకీ ఆటో స్టార్టర్ బిగించుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. ఒక తోటలో కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అన్ని తోటల్లోనూ ఒకేసారి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కాసేపూ ఇళ్ళలో వోల్టేజీ కుంగిపోతుంది. పట్టపగలు గనక లైట్లు వేసి ఉండవు, ఎవరికీ తెలియదు. పైన ఫ్యాను పాత ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. మాణిక్యం గారు భోజనం చేసి, కునుకు తీసి, ఆటకి కూర్చుని, తుఫాను చేరే వేళా అదే. ఆగితే మర్నాటిదాకా ముట్టుకోకూడదు గనక, కరెంటు నిలకడగా ఉన్న వేళలో ఒక్కసారీ ఆడి చూడలేదు.

కరెంటు పడిపోతే ఆదుకోవడానికే యూపీఎస్ ఉంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డబ్బా. వాళ్ళింట్లోనూ ఉంది, పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఆ దీపాన్ని నమ్మి అందరూ డబ్బాని మర్చిపోయారు. విప్పి చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి చచ్చి ఉంది. గోడలో కరెంటు ఉన్నంతసేపూ ఆ దీపం వెలుగుతుంది, అంతే. నా కొట్టుకి అది ఎప్పుడూ రాలేదు. మా దగ్గరికి అందరూ సీపీయూ ఒక్కటే దుప్పట్లో చుట్టి తెస్తారు. యూపీఎస్సూ, వైర్లూ, గోడ ప్లగ్గూ ఇంట్లోనే ఉండిపోతాయి.

"ట్రాన్స్‌ఫార్మర్‌కి అన్నిటికంటే దగ్గర పెద్ద మోటారు ఎవరిదండీ?" అని అడిగాను. అందరి చూపూ వరండా వైపు వెళ్ళింది.

"నా మోటారుకీ మంచు గ్రహానికీ ఏంటయ్యా సంబంధం?" అన్నారు వెంకట్రావు గారు.

"బ్యాటరీ మారిస్తే ఏ సంబంధమూ ఉండదండి."

సత్యనారాయణ గారు మోపెడ్ మీద కొవ్వూరు వెళ్ళి బ్యాటరీ తెచ్చారు. బిగించాను. అయినా పెద్దాయనకి నమ్మకం కుదరలేదు. "త్రీఫేజ్ వచ్చేసిందిగా, ఇప్పుడెలాగూ ఆగదు. రేపు మళ్ళీ మొదలు" అన్నారు.

అప్పుడు మాణిక్యం గారు కుర్చీ తిప్పి ఆయనకేసి నేరుగా చూసింది. "రేపటిదాకా ఎందుకండీ? మీరే వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి దింపి ఎత్తండి. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. నేను తుఫానులోకే వెళ్తా. ఆగితే పెట్టె మీ వాడికి పట్టుకెళ్ళిపోండి."

"మాట మీదుంటావా?"

"మీరుంటే చాలండి."

ఆయన చెప్పులు వేసుకుని విసవిసా వెళ్ళారు. ఆవిడ తుఫానులోకి నడిచింది.

తెర మీద అంతా తెలుపు. హాల్లో మా ఒళ్ళంతా చెమట. ఉన్నట్టుండి పైన ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది, పెద్దాయన స్విచ్చి దింపేశారు. యూపీఎస్ కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. "అది అరవనీ" అంది ఆవిడ తెర మీది నుంచి కన్ను తిప్పకుండా. మంచు కింద నుంచి ఒక జంతువు లేచింది. వేలు నొక్కింది. ఇంకొకటి. వేలు నొక్కింది. మణికట్టు జారిపోతుంటే మోచేతిని బల్లకి ఆనించి నిలబెట్టుకుంది. సత్యనారాయణ గారు సాయం పట్టబోతే, "ముట్టుకోకండి" అంది.

ఫ్యాను కదిలింది. పెరటి అవతల మోటార్లన్నీ ఒక్కసారి హోరెత్తాయి. నా మీటరు మీద సున్నా నుంచి లేచిన అంకె ఇందాకటి నూట నలభై కూడా చేరలేదు. పెట్టె ఆగలేదు. ఆ తెలుపులో ముందు ఒక చుక్కలా, తరవాత స్తంభంలా దీపం కనిపించింది. ఆవిడ నడుస్తూనే ఉంది. తుఫాను తెగిపోయి ఆకాశం తేటపడింది.

వెంకట్రావు గారు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చారు. "ఆగిందా?"

"లేదండి" అన్నాను.

"గెలిచేసేవన్నమాట" అన్నారు మరదలితో. "అయితే ఏమొచ్చింది?"

ఆవిడ కుడిచెయ్యి మౌసు మీది నుంచి ఎత్తింది. ఎడమచేతి సాయం లేదు. వేళ్ళు మెల్లిగా విప్పి, మళ్ళీ మెల్లిగా ముడిచింది.

"చెయ్యొచ్చింది బావగారూ."

ఆయన ఆ చేతిని చూసి, గుమ్మం దిగి వెళ్ళిపోయారు. పెట్టె మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ చెయ్యి పూర్తిగా వచ్చిందని నేను చెప్పను, నేను కొలవలేదు. అందులో ఆటది ఎంత, డాక్టరుది ఎంత అన్నది కూడా నా మీటరుకి అందదు. నా పనికి సంబంధించినంతవరకు మాత్రం ఆ ఇంట్లో నేర్చుకున్నది ఇన్నేళ్ళుగా వదల్లేదు. పెట్టె నా బల్ల మీదికి వస్తుంది, దాని ఇల్లు రాదు. అందుకే పెట్టె విప్పేముందు అది ఎక్కడ ఉంటుందో, ఏ వేళకి ఆగుతుందో, ఆ వేళకి చుట్టుపక్కల ఏం మొదలవుతుందో అడుగుతాను. రిపేరుకి ఇన్ని యక్షప్రశ్నలేంటని విసుక్కునేవాళ్ళున్నారు. విసుక్కోనీ.

ఇంకొకటి కూడా ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు పెట్టె తెచ్చి, "ఆ ఆట తీసెయ్యండి, అదే బాగవుతుంది" అంటారు. తీసెయ్యడం రిపేరు కాదండి అని చెప్పి, ఆ ఆట ఎవరు ఆడుతున్నారో వాళ్ళని తీసుకురమ్మంటాను. వాళ్ళు వచ్చేదాకా స్క్రూడ్రైవర్ పట్టను.