మంచానికి గడి లేని ఫారం

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను అగ్నిమాపక కేంద్రం నుంచి తప్పించి ‘గృహ సంసిద్ధత’ పనికి డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ని. ఫైర్‌మ్యాన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మ్యాన్‌నై, ముప్పై ఏళ్లకు ఆ హోదాకు వచ్చినవాణ్ణి. మంటలార్పేవాడి చేతికి పెన్నూ ప్యాడూ ఇచ్చి ఇల్లిల్లూ తిరగమన్నారు. భూకంపం వస్తే ఏం చెయ్యాలో ఇంట్లోవాళ్లకు చెప్పి, ముందు జాగ్రత్తలు దగ్గరుండి చేయించి, ఫారం నింపి పైకి పంపాలి.

ఫారంలో పద్నాలుగు గడులు. గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడం అందరికీ వచ్చా, మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసా, టార్చిలైటూ మందులూ ముఖ్యమైన కాగితాలూ ఒక సంచిలో ఉన్నాయా? ఇవన్నీ మంచివే, ఇప్పటికీ చెబుతాను. ఏడో గడి, ‘ఎత్తున ఉన్న బరువైన సామాను కిందికి దించారా? అవును, కాదు.’ భూమి కదిలితే అటక మీది సామాను మనిషి నెత్తిన పడుతుందని మాకు శిక్షణలో మొదటిరోజే చెబుతారు. ఆ ఫారం తయారుచేసింది ఎవరో నాకు తెలియదు గానీ, కాలవ పక్కన కాపురం చేసినవాళ్లు మాత్రం కాదు.

నాకిచ్చింది విజయవాడ శివార్లలో కాలవ పక్కనున్న నేతకాలనీ. ఒక తరం కిందట మంగళగిరి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. అందులో నాగరత్నంగారిది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం, వెనక గదిలో మామగారి మంచం. భర్త పోయాడు, మామగారికి పక్షవాతం, మగ్గం మీద ఆమె ఒక్కతే. ఆ మంచానికి సరిగ్గా పైన, అటక మీద, ఇనప పట్టీలు కొట్టిన పెద్ద చెక్కపెట్టె. దాంట్లో నూలు, జరీ, మామగారి కాలం నాటి అచ్చులు. అచ్చంటే పడుగు పోగుల్ని వరసలో నిలబెట్టే దువ్వెనలాంటి పనిముట్టు. అది లేకపోతే మగ్గం నడవదు.

పెట్టెను చూడగానే దించెయ్యమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“దించితే ఎట్టాగండీ? కాలవ పొంగితే ఇంట్లోకి మోకాలి దాకా వస్తాయి నీళ్లు. మా ఆయన ఉన్నప్పుడు అందుకే ఎక్కించారండీ” అంటూ గోడ మీది పాత నీటిచార చూపించింది. తరవాత, చాలా మామూలుగా, “మామయ్యగారి మంచం ఆ గోడవైపు జరుపుతాలెండి. పెట్టె పడ్డా ఆయన మీద పడదు కదా” అంది.

నిజంగా అంతే. మంచం జరిపి, పెట్టెను ఒక తాడుతో బిగించి కడితే సరిపోయేది. నా ముప్పై ఏళ్ల సర్వీసు చెప్పాల్సిన మాట ఆవిడ నిలబడ్డచోటే చెప్పేసింది. నేనేమన్నానో వినండి. “మంచానికి గడి లేదమ్మా. దించితేనే టిక్కు పడుతుంది” అన్నాను. నా మొహం, అదీ ఒక జవాబేనా! నీటిచారను మాత్రం వదల్లేదు. ‘గోడకు చెమ్మ’ అని రాసుకున్నాను.

‘కాదు’ అని ఉన్న ఫారం మా పై అధికారి దగ్గర్నుంచి తిరుగు టపాలో వచ్చేసేది. ఆ చీవాట్లు తప్పించుకోవాలన్నదే నా తాపత్రయం. నా వెంట వచ్చిన ఫైర్‌మ్యాన్లు ఇద్దరూ, పక్కింటాయనా కలిసి ఆ పెట్టె దించి మగ్గం పక్కన పెట్టారు. మళ్లీ తనిఖీ ఉంటుంది, పైకి ఎక్కించొద్దని కూడా గట్టిగా చెప్పాను. ముగ్గురు మగవాళ్లు మోసిన బరువును అవసరమొస్తే ఆమె ఒక్కతే ఎలా ఎత్తుతుందన్నది నాకు తట్టలేదు.

భూకంపం రాలేదు. వానాకాలం ముదిరాక ఒకరోజు పొద్దున్నే కాలవగట్టు తెగింది. వరద పనికి నన్నూ పిలిచారు. నేను రబ్బరు పడవతో కాలనీ చేరేసరికి వీధిలో నడుము లోతు నీళ్లు. నాగరత్నంగారు మామగారిని వీపు మీద వేసుకుని అప్పటికే పక్కింటి డాబా ఎక్కించింది. అందరూ క్షేమమేనా అని కిందినుంచి అడిగాను.

“క్షేమమేనండీ. పెట్టె కిందుంది” అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్లు తీశాక వెళ్లాను. నూలు బురదముద్దయింది. అచ్చుల బద్దలు ఉబ్బి ఊడిపోయాయి. మామగారు పనిచేసే చేత్తో వాటిని తడిమి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

అన్ని ఇళ్లకూ అన్ని టిక్కులూ పడిన కాలనీ అని ఆ ఏడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. సిగ్గులేకుండా స్టేజీ ఎక్కి తీసుకున్నాను, శాలువా కూడా కప్పించుకున్నాను. ఆ తరవాత మనసొప్పక, ఏడో గడి మార్చాలనీ, నీళ్లెంతదాకా వస్తాయో ముందు అడగాలనీ పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. మరుసటి ఏడు ఫారంలో పదిహేనో గడి కనిపించింది. ‘పై సూచనలన్నీ నాకు వివరించారు’ అని ఇంటివారి సంతకం. అబ్బో, ఏం తెలివి! ఇకమీదట ఎవరి పెట్టె మునిగినా తప్పు ఇంటివాళ్లదే.

రిటైరయ్యాక స్కూటర్ సామాను కోసం ఆటోనగర్ వెళితే, ఒక దుకాణంలో నట్లూ బోల్టులూ పొట్లాలు కడుతూ ఆమె కనిపించింది. తనే పలకరించింది. మగ్గం సంగతి అడిగాను.

“అచ్చులు లేవు కదండీ. మా చీర అంచు పోగుల లెక్కకి అచ్చు కట్టేవాళ్లు ఇప్పుడెవరూ లేరంట. మగ్గం ఊడదీసి అటకెక్కించేశాం” అంది. పొట్లానికి దారం బిగించి, “దాన్ని దించమని ఎవరూ రాలేదండీ” అంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ ఇంట్లోనైనా సామాను ఒకచోట ఉందంటే, దాన్ని అక్కడ పెట్టించిన భయం ఒకటుంటుంది. ముందు అదేమిటో అడగండి, ఫారం తరవాత తియ్యండి. నేను ముందు ఫారం తీశాను.