తప్పంతా కోదండరాందే

తొండియార్‌పేటలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది కోదండరాందే. ఎవరో ఆయన మీద నింద వేసేవాళ్లని కాదు. వేద్దామని ఎవరైనా నోరు తెరిచేలోగా ఆయనే ముందుకొచ్చి, రెండు చేతులూ కట్టుకుని, "తప్పు నాదే" అనేసేవాడు. ఆ మాట వినీ వినీ ఆయన భార్య అలమేలుకి ఇరవై ఆరేళ్లుగా ఒళ్లు మండుతూనే ఉంది.

ఆయనకి ఇంటి ముందు గదిలోనే రేడియో, టీవీ రిపేరు కొట్టు. ఒకసారి పక్కింటి సుబ్బన్ మేడ మీద యాంటెనా ఒరిగిపోయింది. దాన్ని ఒరగదోసింది కాకి. వీధి వీధంతా చూసింది.

"తప్పు నాదే సుబ్బన్," అన్నాడు కోదండరాం. "బిగించేటప్పుడే కాకి వచ్చి కూర్చుంటాదని యోచన చేసుండాల."

"ఆ యాంటెనా మీరు బిగించిందే కాదు కదండీ!" అంది అలమేలు.

"అదే తప్పు. నేనే బిగించుండాల."

బస్సులో ఎవడైనా కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు ఈయనే క్షమాపణ చెప్పుకునేవాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజున, స్తంభం ఎక్కిన లైన్‌మన్ దిగేదాకా కింద నిలబడి, "పొద్దున సోల్డరింగ్ ఐరన్ కొంచెం ఎక్కువసేపు పెట్నాను సార్" అని ఒప్పుకున్నాడు. లైన్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇంట్లో అంతా బాగేనా అమ్మా?" అని అలమేలుని అడిగి వెళ్లిపోయాడు. ఇండియా క్రికెట్ మ్యాచ్ ఓడిపోయిన రాత్రి అయితే అన్నమే ముట్టలేదు మహానుభావుడు. చివరి ఓవర్లో ఇటు తిరిగి కూర్చున్నాడట, అందుకే పోయిందట!

వినేవాళ్లకి నవ్వులాటే. కాపురం చేసేవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి. రిపేరు చేసేవాడే తప్పు నాదంటే ఆ కొట్టుకి మళ్లీ ఎవరొస్తారు? మేడ మీంచి జారవిడిచి ముక్కలు చేసుకొచ్చిన ట్రాన్సిస్టర్‌కి కూడా ఈయనే తల వంచేవాడు. వాళ్లు అది నిజమని నమ్మి ఇంకో కొట్టు వెతుక్కునేవాళ్లు. పంతొమ్మిది వందల తొంభై ఆరు వచ్చేసరికి బల్ల మీద రిపేరు సామాను కంటే దుమ్ము ఎక్కువైంది. అలమేలు రోజూ దుమ్ము తుడుస్తూ ఈ మనిషి ఎప్పుడు మారతాడా అని దిగులుపడేది.

అలాంటి కొట్టుకి, ఆషాఢమాసపు ఆడి గాలి తప్ప ఇంకే గిరాకీ రాని ఒక సాయంత్రం, అంతోని వచ్చాడు. అంతోని పగలు హార్బర్‌లో గుమాస్తా. సాయంత్రాలు లైట్ మ్యూజిక్ ట్రూపులో గిటారు. ఇరవై రెండేళ్లుగా గుడి ఉత్సవాల్లోనూ పెళ్లి రిసెప్షన్లలోనూ వాయిస్తున్నా, సంతోషమైన పాటకి కూడా శవం లేచిన ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంటాడు. ఆ రోజు మొహం మరీ వేలాడిపోయింది. చేతిలో అల్యూమినియం టిఫిన్ డబ్బా ఉంది.

డబ్బాలో ఉన్నది ఇడ్లీలు కాదు. రెండేళ్ల కిందట కోదండరాం రిచీ స్ట్రీట్‌ ఎలక్ట్రానిక్స్ కొట్లలో విడి భాగాలు ఏరుకొచ్చి, ఆ డబ్బాలో అమర్చి, స్వయంగా చేసిచ్చిన డిలే పెడల్. పైనున్న మీట కాలితో నొక్కితే, గిటారు మీద వాయించిన స్వరం అరక్షణం ఆగి మళ్లీ ఒకసారి పలుకుతుంది. వీధిలో అందరూ దాన్ని ఎకో డబ్బా అనేవాళ్లు.

"అన్నా, డబ్బా తాళం తప్పుతా ఉండాది," అన్నాడు అంతోని. "నేనొకటి వాయిస్తే అది ఎప్పుడో వచ్చి అడ్డం పడతాది. శివరామ్ చెప్పేసినాడు. ఆదివారం ఎన్నూరు అమ్మన్ గుళ్లో ప్రోగ్రాం. ఆడా ఇట్లే అయితే ఇంక గిటారే వొద్దంట."

శివరామ్ ట్రూపు నడిపేవాడు. కీబోర్డు ఒకటి కొన్నప్పటినుంచీ అతనికి మనుషులతో పని తగ్గింది. వయొలిన్ ఆయన ఇప్పుడు చీరల కొట్టులో మడతలు పెడుతున్నాడు. ఫ్లూట్ ఆయన ఇన్సూరెన్సు పాలసీలు అంటగడుతున్నాడు. తబలా ఆయన ఏమయ్యాడో తెలిసినవాళ్లు లేరు. ఇక తన వంతేనని అంతోనికి బెంగ. ఆ గిటారు కూడా పోతే జీవితంలో తనకి మిగిలేది హార్బర్ ఫైళ్లే.

"తప్పు నాదే," అన్నాడు కోదండరాం, డబ్బా మూత కూడా తియ్యకుండానే.

మొదటి రోజు బ్యాటరీ మార్చాడు. లాభం లేకపోయింది. అనవసరంగా అనుమానించినందుకు పాత బ్యాటరీకి క్షమాపణ చెప్పి పక్కన పెట్టాడు. రెండో రోజు వైర్లన్నీ పీకి కొత్తవి వేశాడు. మూడో రోజు ప్రతి అతుకునీ భూతద్దం పెట్టి చూసి, మళ్లీ కాచి, మళ్లీ అతికాడు. సాయంత్రం అవగానే అంతోని వచ్చి గిటారు తగిలించి వాయించేవాడు. స్వరాలూ వాటి ప్రతిధ్వనులూ ఒకదాన్నొకటి తోసుకునేవి. కోదండరాం చేతులు కట్టుకునేవాడు. అంతోని గిటారు సర్దుకుని వెళ్లిపోయేవాడు. అతను వెళ్లాక ఇంట్లో దీపం పెట్టినా వెలుగొచ్చినట్టు ఉండేది కాదు అలమేలుకి.

శుక్రవారం కోదండరాం డబ్బా పక్కన పెట్టి, "ఈరోజు ఉత్త గిటారే వాయించు" అని, అంతోని వాయించినదంతా టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వచ్చిన అలమేలు గుమ్మంలోనే ఆగిపోయింది. టేపు తిరుగుతోంది. ఆయన గోడ గడియారం కింద కూర్చుని, దాని టిక్కుటిక్కుకి వేలితో మోకాలి మీద తాళం వేస్తున్నాడు. నిదానంగా సాగినచోట గిటారు తాళంలోనే ఉంది. వేగం అందుకునేసరికి కొంచెం కొంచెంగా వెనక్కి జారిపోతోంది.

"ఇంకా తప్పుతానే ఉండాదే! డబ్బా బాగు కాలేదా?"

"డబ్బా ఈడుండాది," అన్నాడు కోదండరాం, బల్ల మీద మూత తీసి పడున్నదాన్ని చూపిస్తూ. "టేపులో ఉండేది ఉత్త గిటారు. డబ్బా తగిలించనే లేదు."

అలమేలుకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తప్పు డబ్బాలో లేదు. అంతోని కుడి చేతిలో ఉంది. యాభై మూడేళ్ల చెయ్యి, మునుపటి వేగం అందుకోలేకపోతోంది.

"అయ్యో! ఆయనకి చెప్పాల కదండీ. రేపు స్టేజీ మీద అందరి ముందర..."

"చెప్తే గిటారు ఎత్తి అటక మీద పెట్టేస్తాడు," అన్నాడు కోదండరాం. అన్నం చల్లారిపోతున్నా లేవలేదు.

కాసేపటికి లేచి ఫోన్ బూత్‌కి వెళ్లి, శివరామ్‌ని అడిగి మర్నాటి పాటల వేగం రాసుకొచ్చాడు. కూర్చుని, ఎకో ఎంతసేపటికి పలకాలో సరిచేసే మరను గోరంత అటూ గోరంత ఇటూ తిప్పుతూ, సాయంత్రం దాకా గడియారంతో కుస్తీ పట్టాడు. దేవుడి దగ్గరున్న అలమేలు కుంకుమ తీసి తడిపి, మర చుట్టూ మూడు చుక్కలు పెట్టాడు. మూడు రకాల పాటలకి మూడు చుక్కలు.

అంతోని రాగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే అంతోని. దొరికిపోయింది. ఈ పార్టు నేనే తిరగేసి పెట్నాను." డ్రాయర్లోంచి తీసిన ఏదో పనికిరాని ముక్క చూపించాడు. "మార్చేసినాను. అయితే నా డబ్బాకి ఒక కొరత ఉండాది. అది నిదానం. నువ్వు గబగబా నాలుగు వాయిస్తే దానికి అరగదు. రెండు వాయించు, రెండు దానికి వొదిలేయి. తక్కింది అది చూసుకుంటాది."

అంతోని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక స్వరం మీటి ఆగాడు. ఆ ఖాళీలో డబ్బా పలికింది. ఇంకోటి మీటాడు. డబ్బా మళ్లీ సరిగ్గా అందుకుంది. చెయ్యి తీరిగ్గా నడుస్తోంది, పాట మాత్రం పరుగెడుతోంది. వాయించడం అయ్యాక అతను గిటారు పక్కన పెట్టాడు. అలమేలు వైపు తిరిగాడు.

"వొదినా, నిజం చెప్పండి. తప్పు డబ్బాలోనే ఉండిందా?"

 అలమేలు మొగుడికేసి చూసింది. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"ఇంకేడుంటాది? తప్పంతా ఈయనదే!" అంది. "ఎప్పుడూ ఇంతే, పార్టులు తిరగేసి పెట్టేస్తాడు. నేను కళ్లారా చూస్తిని."

కోదండరాం ఉలిక్కిపడి తలెత్తాడు. ఆయన మాటని ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం అదే మొదలు. కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనబడ్డాడు.

ఆదివారం ఎన్నూరులో, పొగ గొట్టాల మసి రాలుతున్న ఆకాశం కింద, అమ్మన్ తల్లి గుడి ముందు పందిట్లో ప్రోగ్రాం జరిగింది. అంతోని ఎప్పటిలాగే శవం దగ్గర కూర్చున్నట్టే కూర్చున్నాడు. గిటారు మాత్రం ఇద్దరు మనుషులు వాయించినట్టు మోగింది. పాట అయ్యాక శివరామ్ మైకు చేత్తో మూసి, "ఏంది అంతోని, నాకు తెలీకుండా ఇంకొకడ్ని తెచ్చినావా?" అన్నాడు. వచ్చే వారం తిరువొత్తియూరు ప్రోగ్రాంకి తొందరగా వచ్చెయ్యమని కూడా చెప్పాడు. అలమేలు అమ్మన్‌కి అక్కడినుంచే దణ్ణం పెట్టుకుంది.

అంతా అయ్యాక, మధ్యలో ఒకసారి మైకు కీచుమన్నందుకు క్షమాపణ చెప్పడానికి కోదండరాం మైకుసెట్ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ సందు చూసి అంతోని అలమేలు దగ్గరికి వచ్చాడు.

"వొదినా, డబ్బాలో ఏమీ లేదని నాకు తెలుసు. ఆరు నెల్లుగా చొక్కా గుండీలు పెట్టుకునేదానికే నా చెయ్యి ఆలస్యం చేస్తా ఉండాది. భయమేసి, తప్పు డబ్బా మీద తోసేస్తిని."

అలమేలు కళ్లు చెమ్మగిల్లాయి. "ఆ ముక్క ఆయనకి చెప్పొచ్చు కదయ్యా. పాపం, మూడు దినాలు సరిగా తిండి కూడా తినలేదు."

"అయ్యయ్యో, చెప్పొద్దండి వొదినా!" అన్నాడు అంతోని, కంగారుగా వెనక్కి చూసుకుంటూ. "చెప్తే నా చెయ్యి అరిగిపోయిందీ ఆయన తప్పే అంటాడు."

అలమేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఆమెని చూసి అంతోని కూడా నవ్వాడు.