లాభంతో మొదలైన లెక్క

మొన్న కర్నూలులో మా తాలింఖానా గది ఖాళీ చేయవలసి వచ్చి, సామాను జాబితా రాయమని నన్ను పిలిచారు. పోయినవి ముందు రాసుకున్నాను: గ్లవ్సులు మూడు జతలు, మూలల్లో వేసే స్టూలు ఒకటి, కంచు గంట ఒకటి, జడ్జీలు మార్కుల చీటీ పెట్టుకునే అట్టలు రెండు, వెరసి ఏడు. స్టాప్‌వాచి మాత్రం బీరువా అడుగున దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే, యాభై దాటిన నా వయసులోంచి ఇరవై నాలుగేళ్లు తీసేసినట్టయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో నేను ధాన్యం మండీలో గుమాస్తాను. చదువు ఐదో తరగతితో ఆగినా కూడికలూ హెచ్చవేతలూ నాకు నేనే నేర్చుకున్నాను గనుక, తాలింఖానా నడిపే మా చిన్నాయన బాక్సింగ్ పోటీలకు నన్ను టైము చూసేవాడిగా కూర్చోబెట్టాడు. రౌండుకు మూడు నిమిషాలు, నడుమ ఒక నిమిషం విశ్రాంతి. ఎవరైనా పడితే, ఎదుటివాడు దూరపు మూలకు పోయాక సెకనుకొకటి చొప్పున పది వరకు నేను గట్టిగా చెప్పాలి, రెఫరీగా ఉన్న చిన్నాయన నా గొంతు వెంబడే వేళ్లు చూపాలి. పది లోపల లేవకపోతే ఓడినట్టే.

ఒక ఏడాది చివరి పోటీ కమలాపురం రైతు కొడుక్కీ, బద్వేలు కుర్రవాడికీ పడింది. గెలిచినవాడిని పోలీసు కొలువులోకి తీసుకుంటామని ఒక అధికారి మాట ఇచ్చి ఉన్నాడు. వరుసగా రెండేళ్లు పంట పోయిన కమలాపురం అబ్బాయికి ఆ కొలువు ఎంత అవసరమో మాకందరికీ తెలుసు. మూడో రౌండులో అతని దెబ్బకు బద్వేలు వాడు పడ్డాడు. అతను మూలకు పోగానే నేను బల్ల మీద చరిచి, నోటికి అలవాటైన మాట అనేశాను: లాభం. మండీలో మొదటి శేరుకు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరువాతే రెండు.

"ఏమప్పా, ఈడ జొన్నలు కొలుస్తాండావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పడినోడికి లాభమే గదప్పా," అని ఇంకొకరు.

జనం నవ్వారు. నేను తడబడి ఒకటి అని మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిది అన్నప్పుడు వాడు లేచాడు; నా చేతిలోని స్టాప్‌వాచి ముల్లు, లాభం అన్నప్పటి నుంచి చూస్తే, అప్పటికే పది సెకన్లు నడిచింది. మొదటి రెండు రౌండ్లలో వాడిదే పైచేయి గనుక, మిగిలిన కాస్త సమయం నిలదొక్కుకుని ముగ్గురు జడ్జీలలో ఇద్దరి చీటీల మీద గెలిచాడు.

ఫలితం చాటకముందే చెప్పి ఉంటే చిన్నాయన సరిదిద్దేవాడు. లెక్కల మనిషినన్న పేరు పోతుందని ఊరుకున్నాను. కమలాపురం అబ్బాయి చేతులకు చుట్టిన గుడ్డ విప్పుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెక్క సరిగ్గానే ఉండాదా అన్నా?"

"సరిగ్గానే ఉండాది లేప్పా," అన్నాను.

నా మాట నమ్మి తల ఊపి, రైలుకు వేళవుతుందని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు నాపరాళ్ల గనిలో కూలికి చేరాడని తెలిసింది.

ఇప్పుడు మండీలో కాటాలు వచ్చాయి, లాభం అని మొదలుపెట్టే గొంతులు తగ్గిపోయాయి. బాక్సింగులోనూ పడినవాడు వెంటనే లేచినా ఎనిమిది దాకా చెప్పి గానీ ఆట సాగనివ్వడం లేదు. చిన్నాయన పోయి చాలా కాలమైంది. ఆయనకు చెప్పవలసింది చెప్పనే లేదు. ఎన్నిసార్లు కూడి తీసి చూసినా, కమలాపురం మనిషికి నేను ఇవ్వవలసినది ఇప్పటికీ ఒక సెకను.