లిఫ్టాయన కొన్న గరగర

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని వీధిలో అందరూ లిఫ్టాయన అంటారు. ఆయన కాపురముండేది లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. ఈ సంగతి మీద నవ్వేవాళ్లంతా నవ్వి అలసిపోయారు. ఆయన మాత్రం మెట్లెక్కుతూ, ఇవి మరమ్మతుకు రావు కదా అనుకుంటాడు.

ఆయన పనిలో గొప్పంతా నిశ్శబ్దం. లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. లోపల ఎక్కడైనా గరగరమంటే అదే జబ్బు. దాన్ని పట్టుకుని వదిలించేదాకా ఆయనకి ముద్ద దిగదు. మంచి లిఫ్టంటే నడుస్తున్నట్టు తెలియకూడదు.

సాయంత్రాలు బేసు గిటారు వాయిస్తాడు. దానికి మంద్రంగా పలికే లావుపాటి తీగలు నాలుగే. బృందంలో ఉన్నదీ నలుగురే. పాడేది మరదలు. కీబోర్డు ఆమె మొగుడు, అంటే ఈయనకి తోడల్లుడు. డ్రమ్ములు పళ్ల డాక్టరువి. పగలంతా జనం నోళ్లలో సుతారంగా పనిచేసిన చేతులు కాబట్టేమో, పొద్దు వాలేసరికి ఆయన డ్రమ్ముల్ని కసిదీరా బాదుతాడు. కాఫీ హోటళ్లలో, పుట్టినరోజుల్లో, రిటైర్మెంటు విందుల్లో వాయిస్తారు. ముప్పైమంది వింటే అదే పెద్ద సభ.

కిందటి విందులో లిఫ్టాయన పాత యాంప్లిఫయరు చేతులెత్తేసింది. ఇంట్లో సాధనకని కొన్న, గిటారు మోత పెంచే బుల్లి పెట్టె అది. డాక్టరు బాదుడు ముందు దాని గొంతు పెగల్లేదు. అంతా అయ్యాక వైర్లు చుడుతూ తోడల్లుడు అన్నాడు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకండి. మీరు వాయిస్తున్నట్టు కనపడుతోంది గానీ వినపడట్లేదు. నా ఎడమ చేతికి ఎలాగూ పెద్ద పని లేదు. బేసు దాంతో లాగించేస్తా. మీరు హాయిగా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టండి."

"నా చప్పట్లు మాత్రం వినపడతాయా?"

మరదలు మధ్యలో దూరింది. "శనివారం కాఫీ హోటల్లో ప్రోగ్రాం ఉంది కదా. ఈలోగా మంచి పెట్టె ఒకటి కొనండి బావా. అప్పటికీ వినపడకపోతే చూద్దాం."

ఆ 'చూద్దాం' మాత్రం ఆయనకి బాగా వినపడింది. బృందం లేకపోతే సాయంత్రాలు ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

మర్నాడు భార్యని వెంటబెట్టుకుని వాద్యాల దుకాణానికి వెళ్లాడు. యాంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఇమిడి ఉంటే దాన్ని కాంబో అంటారు. దుకాణం ఆవిడ రెండు చూపించింది. ఒకటి గుమ్మంలో పెడితే మనిషి దూరే సందు ఉండదు. రెండోదాన్ని ఒంటి చేత్తో పట్టుకుని బస్సెక్కొచ్చు.

ముందు చిన్నదానికి గిటారు తగిలించి మీటాడు. గరగరమంది. వెంటనే చెయ్యి నాబుల మీదికి పోయింది. ఒక్కొక్కటే తిప్పి చూసి, గరగర ఎక్కడుందో పట్టుకున్నాడు. దాని కింద 'మిడ్' అని రాసుంది, మధ్య శ్రుతులకన్నమాట. సున్నాకి తిప్పేశాడు. గరగర పోయింది. పెట్టెలో ప్రాణం కూడా పోయింది.

"దీనికి సత్తా లేదు" అని తేల్చేశాడు.

పెద్దదానిలోనూ అదే నాబు సున్నా చేసి మీటాడు. దుకాణం చెక్కనేల అదిరింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా ఒరుసుకోవడం లేదు. నూనె పోసినట్టుంది.

"ఏవండీ, మనది మూడో అంతస్తు" అంది భార్య.

"తెలుసులే."

"మీకు తెలుసు. మీ నడుముకి తెలుసా?"

దుకాణం ఆవిడ నవ్వింది. "తీసుకెళ్లి వాయించి చూడండి. నచ్చకపోతే తెచ్చి మార్చుకోండి."

ఆయన పైనుంచి లాగాడు. భార్య కిందనుంచి భుజం పెట్టి నెట్టింది. రెండో అంతస్తులో ఇద్దరూ దాని మీదే కూలబడ్డారు. "కూర్చోడానికి మాత్రం భేషుగ్గా ఉంది" అందామె రొప్పుతూ.

రిహార్సల్సు పళ్లాసుపత్రిలో, రోగులు వెళ్లిపోయాక, వాళ్లు కాచుకునే గదిలోనే. ఎక్కించిన పెట్టెని మళ్లీ దించి అక్కడికి చేర్చారు. పాట మొదలైంది. కిటికీ అద్దాలు జలదరించాయి. అలమారలో ప్లాస్టరు దవడ టకటకా పళ్లు కొట్టుకుంది. లిఫ్టాయన ముఖం వెలిగిపోయింది.

"వినపడిందా?"

"భూకంపం అనుకున్నా అన్నయ్యా. బయటికి పరిగెత్తబోయి ఆగాను."

"హోరు తప్ప ఏమీ తెలియట్లేదు బావా. స్వరం అందట్లేదు" అంది మరదలు.

భార్య గదికి ఆ చివర బెంచీ మీద కూర్చుంది. "ఇక్కడికైతే పై ఇంట్లో బీరువా జరుపుతున్నట్టుంది."

"నా కాళ్లకి బ్రహ్మాండంగా తెలుస్తోందే!"

"పాట కాళ్లతో వినరు కదండీ."

తోడల్లుడు ఎడమ చేతి మెటికలు విరుచుకోవడం మొదలుపెట్టాడు.

డాక్టరు డ్రమ్ముల వెనకనుంచి లేచొచ్చాడు. అలవాటు కొద్దీ చిన్న టార్చి వేసి, నోరు తెరిపించినవాడిలా పెట్టె ముందు వంగాడు. "ఇదేంటి, మిడ్ సున్నాలో ఉంది?"

"గరగరమంటుంటే తీసేశాను."

ముందు నవ్వింది భార్య.

"మహానుభావా! అది లిఫ్టు కాదండీ."

డాక్టరు నాబుని సగందాకా తిప్పాడు. లిఫ్టాయన మీటాడు. గరగర. ఆయన ముఖం చేదు మింగినట్టయింది. కానీ నలుగురూ అందుకున్నాక ఆ గరగర పాటలో కలిసిపోయింది. ఒక్కో స్వరం విడివిడిగా నిలబడింది. మరదలి గొంతు ఎక్కడా తడుముకోలేదు.

"అయితే ఆ చిన్నదాని గొంతు కూడా మీరే నొక్కేశారన్నమాట" అంది భార్య. "పైగా సత్తా లేదని నింద ఒకటి."

ఆయన ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో పెద్ద పెట్టె ప్లగ్గు పీకాడు.

పెద్దది వెనక్కి వెళ్లింది. చిన్నది ఇంటికొచ్చింది. అది డాక్టరు ధాటికి తట్టుకుంటుందో లేదో చూడటానికి మళ్లీ రిహార్సల్ కుదరలేదు. శనివారం రానే వచ్చింది.

కాఫీ హోటల్లో వాళ్లకిచ్చిన మూల ఇరుకు. చిన్న పెట్టెని ఒక కుర్చీ మీద పెట్టాడు. మిడ్ నాబు సగంలో ఉంచి, దానివైపు మళ్లీ చూడకుండా వీపు తిప్పి నిలబడ్డాడు. తోడల్లుడు నమ్మలేదు. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి, ఎడమ చేత్తో బేసు కూడా వాయించేస్తున్నాడు. డాక్టరు ఆ వారం బాకీ అంతా తీర్చుకుంటున్నాడు. నేల రాతిది. లిఫ్టాయన కాళ్లకి ఏమీ తెలియడం లేదు. పెట్టె పలుకుతోందా లేదా? భార్య బల్లవైపు చూశాడు. ఆమె ఎవరితోనో కబుర్లలో ఉంది.

మొదటి పాట అయింది. చప్పట్లు పడ్డాయి. మరదలు మైకుని పక్కకి తప్పించి వెనక్కి తిరిగింది. లిఫ్టాయన గిటారు పట్టీ భుజం మీంచి సగం దించాడు. ఆమె చూసింది మొగుడివైపు.

"ఏవండీ, ఆ ఎడమ చెయ్యి తీసెయ్యండి. బావ వాయిస్తున్నారు కదా, అడ్డమొస్తోంది."

తోడల్లుడు ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అది కాసేపు బుద్ధిగా కూర్చుంది. రెండో పాట సగంలో ఉండగా కాఫీ కప్పు అందుకుంది.