ప్రమీలమ్మ నోరు

నంద్యాల బళ్లో తెలుగు చెప్పే యెషయా, వాళ్లమ్మ గురించి పుస్తకం రాయాలనుకున్నాడు. రాద్దామంటే ఏముంది, అమ్మే గుర్తులేదు! ప్రమీలమ్మ పోయేనాటికి అతనింకా సంక దిగని పిల్లాడు. యాభైకి దగ్గరపడ్డా అదే దిగులు. కనీసం కాగితం మీదన్నా అమ్మను చూసుకోవాలి.

సరే, ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో ఆమె బతికిన పల్లెకు పోయాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు "మన ప్రమీలమ్మ కొడుకు, పుస్తకం రాస్తాండాడు" అని అందరికీ చాటేశాడు. ఇంకేముంది! ముసలీ ముతకా చుట్టూ చేరారు. "దేవతప్పా మీ అమ్మ." "గట్టిగా ఒక మాటన్లేదు." యెషయా పొంగిపోయి పేజీలకు పేజీలు నింపాడు.

ఇంటికొచ్చాక అతని భార్య మంజుల చదివి పెదవి విరిచింది. "ఏందిది? సమాధి రాయి మీద రాసేదంతా ఈడ రాసినావ్. కొడుకని తెలిసినాక ఎవురైనా ఉన్నదున్నట్టు చెప్తారా?"

యెషయాకు ఒళ్లు మండింది. కొన్నాళ్లు ఆ కాగితాలు ముట్టుకోలేదు. కానీ మళ్లీ చదువుకుంటే, ఆ పేజీల్లో ఉన్నామె ఎవరి అమ్మైనా కావచ్చు. పాపం, ఏడుపొచ్చింది అతనికి.

మళ్లీ పోయాడు. ఈసారి చర్చి వైపు వెళ్లలేదు, ఎవరి కొడుకో చెప్పలేదు. కాళ్లనొప్పులతో చర్చికి కూడా రాలేని లూదియమ్మ అరుగు మీద చేట ముందేసుకొని శనక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చొని తానూ ఒలవడం మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, ముందు కాలంలో బావికాడ నీళ్లకు కొట్లాడేటోళ్లంట గదా?"

"కొట్లాటా!" ముసలామె మొహం వెలిగిపోయింది. "ప్రమీలని ఒకతుండె నాయనా. అబ్బో, అది నోరా! పిల్లోన్ని సంకనేసుకొని, నా బిందె పక్కకు నూకి తిడుతుండె. వాడు ఏడిస్తే తిట్టేది ఆపి, ముద్దుపెట్టుకొని, 'ఉండు నా బంగారూ, దీని సంగతి చూడనీ' అని మళ్లా మొదలుపెడుతుండె!"

యెషయా పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఎంత కాలానికి అమ్మ సంకెక్కాడు మరి! సంతోషం పట్టలేకపోయాడు.

లూదియమ్మ చెయ్యి ఆగింది. "ఏందప్పా, ఏడుస్తాండావ్?"

"ఆ పిల్లోన్ని నేనే పెద్దమ్మా."

"అయ్యో, నా పాడు నోరు! ముందే చెప్పింటే మంచిమాటలే చెప్పిందును గదా!"

"అందుకే చెప్పలే." యెషయా చేట తన ముందుకు లాక్కున్నాడు. "ఇంకేమేం తిట్టిందో చెప్పు."