పలాసాయన

నిన్న మధ్యాహ్నం మలేసియాలోని ఇపోలో, మా మనవరాలి ఇంట్లో చేపముల్లొకటి నా గొంతుకు అడ్డం పడింది. మూరెడు ముల్లు. వేళ్లు పెట్టి నేనే పీకి పారేశాను. సరే, మూరెడు కాదు, గోరంత. పీకిందీ లేదు. మనవరాలు అన్నం ముద్ద చేసి నోట్లో కుక్కి "స్వాలో లా, తాతా" అని ఇక్కడి ఇంగ్లీషులో అంటే కళ్లనీళ్లతో మింగాను. ముల్లు దిగేముందు మాత్రం నా నోట "పలాసాయనా" అన్న కేక వచ్చింది. ఆయనెవరని పిల్ల అడిగితే చెప్పడానికి సిగ్గేసింది.

గొంతు జబ్బులకు కథోలికులు మొక్కుకునే పునీత బ్లాసియుస్ ఆయన. తొలినాళ్ల క్రైస్తవుల కాలంలో ఆర్మేనియా దేశపు బిషప్పు. భటులకు దొరక్కుండా కొండగుహలో దాక్కుంటే, అడవి మృగాలు దెబ్బలు చూపించుకోడానికి వచ్చేవట. చేపముల్లు దిగి ప్రాణం పోతున్న పిల్లవాణ్ణి బతికించాడట. ఆఖరికి ఆయన్ని ఉన్ని దువ్వే ఇనపదువ్వెనలతో చీరి చంపారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. మలయాకు జపానువాళ్లు రాకముందు, మా రబ్బరుతోటకు ఏటా ఫిబ్రవరిలో ఫాదరు వచ్చి, రెండు కొవ్వొత్తులు కత్తెరలా పట్టుకుని ఒక్కొక్కరి గొంతుకు ఆనించి దీవించేవాడు. ఆయనది అరవం. ఆ నోట పునీతుడి పేరు "పిలాసియార్" అని పలికేది.

మా అత్తది, అంటే మేనమామ భార్యది, పలాస. పెళ్లయి ఓడెక్కి వచ్చాక పుట్టింటి కబురు ఒక్కటీ లేదు. దీవెన వరసలో ఆ పేరు చెవిన పడగానే నా చెయ్యి పట్టుకుంది. "ఏట్రా, పలాసాయనా? మనూరోడేనా?" నాకు ఇరవై నిండిన పొగరు, పైగా అరవం చదవడం వచ్చు. అవునత్తా అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? కాశీబుగ్గ దాటాక ఆయన ఇల్లనీ, మీ వీధేననీ కట్టుకథ అల్లాను. తోటంతా నమ్మిందని ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్నాను గానీ, నమ్మింది అత్త ఒక్కతే. ఏడాది పొడుగునా గుళ్లో ఆయన పటం ముందు కూర్చుని, "అన్నా" అంటూ చేతుల నొప్పి దగ్గర్నుంచి అన్నీ తెలుగులో చెప్పుకునేది.

మరుసటేడు అన్నకని అరిసెలు వండి తెచ్చింది. తన వంతు రాగానే నన్ను ఫాదరు ముందుకు తోసింది. "పలాస ఆడపిల్ల వచ్చినాదని సెప్పు. మా యమ్మ ఉన్నాదో పోనాదో అన్నని కనుక్కోమను."

అరవంలో చెప్పాను. వరసంతా గొల్లుమంది. ఫాదరు నవ్వలేదు. ఆయన ఆర్మేనియా ఆయనమ్మా, మీ పలాస ఎరగడు అని నెమ్మదిగా చెప్పాడు. ఆమాత్రం అరవం అత్తకు వచ్చు. నేను తలవంచుకున్నానని రాయబోయాను. కాదు. ఆ కథ అల్లింది నేనని బయటపడుతుందని, అందరికంటే గట్టిగా నవ్వాను.

అత్త నన్నేమీ తిట్టలేదు. అరిసెల గిన్నె నా చేతిలో పెట్టి, "నువ్వే తినీరా" అంది. ఆ తర్వాత కూడా గుడికి వచ్చేది, అందరిలాగే అరవంలో ప్రార్థించేది. పోయేదాకా ఆయనతో మళ్లీ తెలుగు మాట్లాడలేదు.

ఇప్పుడు మా ఇళ్లల్లో నేను తెలుగులో ఏం అడిగినా జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నిన్న అందరూ భోజనాల దగ్గర్నుంచి లేచాక, నా ప్రార్థన పుస్తకంలో దాచుకున్న ఆయన చిన్న పటం తీసి ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయనకు తెలుగు రాదని తెలిసీ, అత్త అడగమన్నది తెలుగులోనే అడిగాను. వాళ్లమ్మా లేదు, అత్తా లేదు. వయసు మళ్లేది మనుషులకే గానీ, అడిగిన మాటకు కాదు కాబోలు.