రాయమల్లు ఒక్కొక్కటే కొడతాడు

రాయమల్లుకు ఒకే ఒక్క జబ్బు. నలభై పనుల జాబితా చేతిలో ఉన్నా దాన్ని కంప్యూటర్‌లోకి ఒక్కసారిగా ఎక్కించడు. ఒక్కో పనినీ ఒంటివేలితో కొడతాడు. కొట్టే ముందు ఆ పని చేయాల్సిన మనిషికి ఫోన్ చేసి క్షేమసమాచారాలన్నీ అడుగుతాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

మాది కరీంనగర్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్ విభాగానికి పెద్దను నేనే, వంశీధర్‌రావును. సర్వర్ మార్చాలంటే ఎవరు ఏ పని ఎప్పుడు చేయాలో ముందే సిస్టంలో పెట్టాలి. పెట్టేది రాయమల్లు. ఎక్సెల్ షీటు మొత్తాన్ని రెండు నిమిషాల్లో మింగే బటన్ అందులోనే ఏడ్చింది. ఈయనకు మాత్రం రెండు రోజులు కావాలి.

"గా బటన్ పనులు తీసుకుంటది గానీ, ఏది ముందో ఏది ఎనుకనో తీసుకోదు సార్" అనేవాడు.

నేను వింటేనా? నెలాఖరులోగా బటన్ నొక్కడం నేర్చుకోకపోతే కిటికీ లేని రికార్డు గదికి బదిలీ అని డైరెక్టర్‌తో సంతకం పెట్టించాను. కాగితం చదివి, సరే సార్ అని, మళ్లీ ఫోనెత్తి ఎవరి మోకాళ్ల నొప్పి గురించో అడగసాగాడు. చెప్పండి, మనిషికి కోపం రాదా?

ఆ ఆదివారం కొత్త సర్వర్‌కు మారాలి. రాయమల్లు సెలవు పెట్టి కొండగట్టు పోయాడు. ఇంకేం, జాబితా నేనే ఎక్కించాను. నలభై రెండు పనులూ వచ్చాయి. వరుస మాత్రం రాలేదు. అన్నిటికీ పొద్దున తొమ్మిదే. అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. పాత సర్వర్ నుంచి రిపోర్టులు కాపీ చేయాల్సిన హనుమండ్లు ఇంకా బస్సులోనే ఉన్నాడు. ఆ సర్వర్ ఆపేయమన్న పని చూసిన జ్యోతిరాణి దాన్ని ఠక్కున ఆపేసింది. మధ్యాహ్నం దాకా డాక్టర్లు రిపోర్టుల కోసం నా ప్రాణం తోడేశారు.

జ్యోతిరాణిని నిలదీస్తే, సిస్టం చెప్పిందే చేశానంది. "రాయమల్లన్న పెడితే ఇట్ల కాకపోతుండె సార్."

మర్నాడు ఎనిమిదిన్నరకే వచ్చి, తప్పు పట్టుకుందామని ఆయన పాత ప్లాన్లు తీశాను. ఏ ప్లాన్‌లోనూ పన్నెండింటికి జ్యోతిరాణికి పని లేదు. పదిలోపు హనుమండ్లుకు లేదు. అప్పుడే ప్రసాదంతో వచ్చిన రాయమల్లును అడిగాను.

"జ్యోతిరాణి అత్తకు మన తాననే డయాలసిస్ సార్. పన్నెండుకు మిషన్ తీస్తరు, పట్టుకొని నడిపియ్యాలె. హనుమండ్లు బస్సు పదికి గానీ రాదు. గివి పెట్టెతందుకు షీట్ల గడి లేదు."

"మరి నేను ఆమోదించే పని ఎప్పుడూ పదకొండున్నరకే ఎందుకుంది?"

ప్రసాదం పొట్లం నా ముందుకు జరిపాడు. గద్దించాను.

"పొద్దుగాల మీరు జర గరంగ ఉంటరు సార్. రెండో చాయ్ పడ్డంక నిమ్మలమైతరు. గప్పుడు మీ ముందట పెడితే మావోళ్లకు తిట్లు తప్పుతయి."

ఎంత పొగరు! మూడేళ్లుగా నాకే తెలియకుండా నా కోపానికి టైంటేబుల్ వేశాడు. నిలువెల్లా మండిపోయాను. ఆ మంట మీదే డైరెక్టర్‌కు ఫోన్ కలిపి, రాయమల్లు బదిలీ రద్దు చేయాల్సిందేనని, ప్లాన్‌కు రెండు రోజులు కాదు మూడు రోజులు ఇవ్వాల్సిందేనని అరిచాను. ఆయన మారుమాట్లాడకుండా సరేనన్నాడు.

రాయమల్లు బిత్తరపోయి గోడ గడియారం వైపు చూశాడు. అప్పటికి నా మొదటి చాయ్ కూడా రాలేదు.